స్పెయిన్, పోర్చుగల్ నగరాలకు పిల్లలతో: తరచుగా అడిగే ప్రశ్నలు

పదకొండేళ్ల అమ్మాయి, ఐదేళ్ల అబ్బాయితో మే నెలలో 12 రాత్రులు ఈ రెండు దేశాల్లో తిరిగి వచ్చాం. అప్పటి నుంచి ఆఫీసులో, పెళ్లిళ్లలో, చివరికి బడి గేటు దగ్గర కూడా అవే సందేహాలు ఎదురవుతున్నాయి. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక వాటిని ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. మొత్తం చదవాలన్న నియమం ఏమీ లేదు.

## బయల్దేరే ముందు

రెండు దేశాలకూ వేర్వేరు వీసాలు తీసుకోవాలా?

అక్కర్లేదు, ఒక షెంగెన్ వీసా (ఐరోపాలో చాలా దేశాలకు కలిపి చెల్లే ఒకే వీసా) సరిపోతుంది. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. రెండు చోట్లా సమానంగా ఉంటే, ముందుగా అడుగుపెట్టే దేశానికి చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు గడువు ఉంటుంది. అయితే వేసవి సెలవుల ముందు అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి సంక్రాంతికల్లా ఈ పని మొదలుపెట్టండి. రుసుము పెద్దవాళ్లకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45. ఆరేళ్ల లోపు వారికి ఉచితం. పన్నెండేళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. తల్లిదండ్రుల్లో ఒకరే పిల్లలను తీసుకెళ్తుంటే రెండోవారి సమ్మతి పత్రం అడుగుతారు.

మా పిల్లల సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి. ఆ కాలంలో అక్కడ ఎలా ఉంటుంది?

ఆంధ్ర, తెలంగాణ బడుల క్యాలెండర్ మనకు ఈ ఒక్క విషయంలో మేలు చేసింది. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ మొదటి వారం దాకా అక్కడ పగలు పొడవుగా, ఎండ ఓర్చుకోగలిగేలా ఉంటుంది. సాయంత్రాలకు పలుచని స్వెట్టర్ ఉంటే చాలు. అయితే సెవిల్‌లో ఈస్టర్ వారం, ఆ తర్వాత కొద్ది వారాలకు వచ్చే వసంత జాతర రోజుల్లో గదుల అద్దె అమాంతం పెరుగుతుంది. ఈస్టర్ ఏటా మారుతుంది కాబట్టి ముందుగా ఆ తేదీ చూసుకుని టికెట్లు కొనండి. మే ఒకటిన రెండు దేశాల్లోనూ సెలవు, ఆ రోజు చాలా దుకాణాలు మూసి ఉంటాయి.

విజయవాడ ఎండలు చూసినవాళ్లం. సెవిల్ ఎండ మాకు ఒక లెక్కా?

లెక్కే. జులై, ఆగస్టుల్లో సెవిల్, కార్డోబాల్లో 40 డిగ్రీలు దాటడం మామూలు. పైగా విజయవాడలో మధ్యాహ్నం రెండు గంటలకు పిల్లల చేయి పట్టుకుని నాలుగు కిలోమీటర్లు ఎవరు నడుస్తారు? ప్రయాణంలో మాత్రం సరిగ్గా ఆ పనే చేస్తాం. ఆ రెండు నెలలు తప్ప మీకు సెలవు దొరకకపోతే దక్షిణ స్పెయిన్ వదిలేసి లిస్బన్, పోర్టోలకు వెళ్లండి. అట్లాంటిక్ గాలి ఆదుకుంటుంది.

పది పన్నెండు రోజుల్లో ఎన్ని ఊళ్లు చూడవచ్చు?

నన్నడిగితే మూడు, మహా అయితే నాలుగు. ఎనిమిది ఊళ్లు రాసుకున్న ప్రణాళికలు నాకు చూపించినవాళ్లు ఉన్నారు. అందులో పిల్లలు చూసేది రైలు పెట్టెలను, సూట్‌కేసు చక్రాలను. ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. సర్దడం, ఖాళీ చేయడం, స్టేషను, కొత్త గది, ఆ గదిలో బాత్రూం ఎక్కడుందో చిన్నవాడికి చూపించడం. పెద్దవాళ్ల ప్రణాళికలో ఈ పనులకు గంటలు కేటాయించరు.

మేము లిస్బన్‌లో 4 రాత్రులు, సెవిల్‌లో 3, గ్రనాడాలో 2, మాడ్రిడ్‌లో 3 ఉన్నాం. లిస్బన్‌లో దిగి మాడ్రిడ్ నుంచి తిరుగు విమానం ఎక్కాం. ఒక ఊళ్లో దిగి మరో ఊరి నుంచి ఎక్కేలా ఒకే టికెట్‌గా తీసుకుంటే వెనక్కి ప్రయాణించే రోజు మిగులుతుంది. రోజుకు టికెట్ పెట్టి చూసేది ఒక్కటే, అదీ పొద్దున్నే. మధ్యాహ్నం గది, సాయంత్రం పార్కు. ఈ పద్ధతి తప్పిన రెండు రోజులూ ఎవరో ఒకరు నడివీధిలో ఏడ్చారు. ఒకసారి ఏడ్చింది పిల్లలు కాదు.

బార్సిలోనా లేకుండా స్పెయిన్ చూసినట్లేనా?

బార్సిలోనా గొప్ప ఊరు, అందుకే దానికి మూడు నాలుగు రోజులు విడిగా ఇవ్వాలి. సెవిల్, గ్రనాడాలు లేదా బార్సిలోనా, వీటిలో ఒకటే ఎంచుకోండి. వాస్తుశిల్పి గౌడి కట్టడాలు, సముద్రతీరం ఇష్టమైతే అటు వెళ్లండి. పాత కోటలు, నీటి తోటలు, నారింజ చెట్లు కావాలంటే దక్షిణానికి వెళ్లండి. పిల్లలు చిన్నవాళ్లయితే నా ఓటు దక్షిణానికే, ఎందుకంటే ఊళ్లు చిన్నవి, చాలావరకు నడిచే చూడవచ్చు.

లిస్బన్ నుంచి మాడ్రిడ్‌కు రాత్రి రైలు ఉందట కదా?

ఉండేది. 2020 మార్చిలో ఆపేశారు. పక్కపక్క రాజధానులైనా వాటి మధ్య నేరుగా వెళ్లే వేగవంతమైన రైలు లేదు. విమానంలో గంటన్నర కూడా పట్టదు. లిస్బన్ నుంచి సెవిల్‌కు కూడా నేరుగా రైలు లేదు, బస్సులో ఆరేడు గంటలు, లేదా చిన్న విమానం. స్పెయిన్ లోపల మాత్రం రైళ్లు హాయి. మాడ్రిడ్ నుంచి సెవిల్‌కు 1992 నుంచే వేగ రైలు ఉంది, రెండున్నర గంటల ప్రయాణం. ఎక్కే ముందు సామాను స్కాన్ చేస్తారు కాబట్టి అరగంట ముందే స్టేషనుకు చేరండి. పోర్చుగల్‌లో లిస్బన్ నుంచి పోర్టోకు మూడు గంటలు. అక్కడ 4 నుంచి 12 ఏళ్ల పిల్లలకు సగం చార్జీ.

ఆవకాయ, కారప్పొడులు తీసుకెళ్లనిస్తారా?

ఆవకాయ, కందిపొడి, వేయించిన అటుకులు ఇబ్బంది లేదు. పాల పదార్థాలు, మాంసం మాత్రం ఐరోపా సమాఖ్యలోకి తేకూడదు. అంటే నెయ్యి సీసా, పాలకోవా, చికెన్ పచ్చడి జోలికి పోవద్దు. పచ్చి కరివేపాకు కూడా వద్దు, ఆకులకు ధ్రువపత్రం అడుగుతారు. చంటిపిల్లల పాలపొడికి మినహాయింపు ఉంది, తెరవని డబ్బా అయితే మనిషికి రెండు కిలోల వరకు తీసుకెళ్లవచ్చు. పచ్చడిని రెండు కవర్లలో కట్టి పెద్ద సూట్‌కేసులో పెట్టండి. చేతి సంచిలో పెడితే భద్రతా తనిఖీ దగ్గర దానికి వీడ్కోలు చెప్పాలి.

హోటలా, అపార్ట్‌మెంటా?

నలుగురికి ఒకే గది దొరకడం అక్కడ కష్టం, అందుకే అపార్ట్‌మెంట్ నయం. పైగా పొయ్యి, బట్టలు ఉతికే యంత్రం ఉంటాయి. బుక్ చేసే ముందు ఒకే ప్రశ్న అడగండి: ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా? లిస్బన్ పాత పేటల్లో నాలుగో అంతస్తుకు ఇరుకైన చెక్క మెట్లే దిక్కు. మేము అడగలేదు. రెండు పెద్ద సూట్‌కేసులు, నిద్రపోతున్న పిల్లవాడు, 78 మెట్లు. ఆ లెక్క మా అమ్మాయి పెట్టింది. గది అద్దెకు తోడు పర్యాటక పన్ను కూడా ఉంటుంది. లిస్బన్‌లో మనిషికి రాత్రికి 4 యూరోలు, కానీ పదమూడేళ్ల లోపు పిల్లలకు లేదు.

## ఊరూరా

లిస్బన్‌లో పిల్లలకు ఏది నచ్చుతుంది?

1998 ప్రపంచ ప్రదర్శన కోసం నది ఒడ్డున కట్టిన ఓషనారియో. మధ్యలో 50 లక్షల లీటర్ల తొట్టి, అందులో షార్కులు, తిరగలి రాయికి రెక్కలు మొలిచినట్టుండే సూర్యచేప. దాని చుట్టూ నాలుగు మహాసముద్రాల విభాగాలు, వాటిలో వెల్లకిలా తేలే నీటికుక్కలు. పక్కనే చేతులతో తాకి చూసే విజ్ఞాన కేంద్రం, నది అంచున కేబుల్ కారు. ఒక రోజు మొత్తం అక్కడే గడిచిపోతుంది. మరో రోజు బెలెం పేటకు వెళ్లి, 1837 నుంచి అమ్ముతున్న గుడ్డు మీగడ బిళ్లలు దాల్చిన చెక్క పొడి చల్లుకుని తినండి. మా అబ్బాయి ఆ పేటలో నాలుగు శతాబ్దాల కట్టడాలను మర్చిపోయాడు, ఎన్ని బిళ్లలు తిన్నాడో మాత్రం చెప్తాడు.

స్ట్రోలర్ తీసుకెళ్లాలా?

ఊరిని బట్టి. మాడ్రిడ్, సెవిల్ చదునుగా ఉంటాయి, అక్కడ వరం. లిస్బన్, పోర్టో, గ్రనాడా కొండల మీది ఊళ్లు, అక్కడ భారం. లిస్బన్ కాలిబాటల మీద చిన్న చిన్న సున్నపురాయి ముక్కలు పరిచి ఉంటాయి. చక్రాలు గడగడలాడతాయి, వాన పడితే పెద్దవాళ్లే జారతారు. తేలికగా మడిచి భుజాన వేసుకునే రకమైతే తీసుకెళ్లండి, లేకపోతే బిడ్డను వీపుకు కట్టుకునే సంచీ మేలు.

28వ నంబరు ట్రామ్ ఎక్కకపోతే లిస్బన్ చూసినట్టు కాదంటారు, నిజమేనా?

పసుపు రంగు పాత చెక్క ట్రామ్ అందంగానే ఉంటుంది, మీకు సీటు దొరికితే. పగటిపూట గంటసేపు వరుసలో నిలబడి, ఎక్కాక పెద్దవాళ్ల నడుముల మధ్య పిల్లలు ఏమీ చూడలేరు. జేబుదొంగలకూ ఆ ట్రామ్ అంటే మక్కువ. పొద్దున ఎనిమిది లోపు మొదటి స్టాపులో ఎక్కండి. కుదరకపోతే 24వ నంబరు ఎక్కండి. ట్రామ్ అదే రకం, జనం తక్కువ.

సింట్రా ఒక్క రోజులో అవుతుందా?

రెండు చోట్లకే అయితే అవుతుంది. లిస్బన్ రోసియో స్టేషను నుంచి రైలులో 40 నిమిషాలు. పసుపు, ఎరుపు రంగుల పెనా రాజభవనం బొమ్మల పుస్తకంలోంచి దిగినట్టుంటుంది, లోపలికి వెళ్లడానికి టికెట్ మీద సమయం ఉంటుంది. నా మాట వింటే రాజభవనం బయటి నుంచి చూసి, కింటా ద రెగలేరా తోటకు ఎక్కువ సమయం ఇవ్వండి. అక్కడ 27 మీటర్ల లోతు దిగుడుబావి ఉంది. మెట్లు చుట్లు తిరుగుతూ కిందికి వెళ్తాయి, అడుగున సొరంగాలు. టార్చిలైటు పట్టుకెళ్లండి.

చరిత్ర అంటే పిల్లలు ఆవలిస్తారు. ఎలా చెప్పాలి?

లిస్బన్‌లో జెరోనిమోస్ మఠంలో వాస్కోడగామా సమాధి ఉంది (సోమవారం మూసి ఉంటుంది). 1498లో కోళికోడ్ తీరానికి వచ్చాడని మా అమ్మాయి పాఠంలో చదివింది, కాబట్టి రెండు నిమిషాలు నిలబడింది. అసలు పని చేసింది మాటల ఆట. పోర్చుగీసు వాళ్లు మన తీరాలకు తెచ్చినవి పడవలు, ఫిరంగులే కాదు, మాటలు కూడా. అల్మారా, మేస్త్రీ, తువాలు, బొత్తాం, అనాస, పాదిరి అన్నీ ఆ భాష నుంచి మన నోటికి వచ్చినవే. బోర్డుల మీద, దుకాణాల్లో వాటి తాతలను వెతకమన్నాను. ఒక్కో మాటకు ఒక ఐస్‌క్రీం. పండ్ల కొట్టులో 'అననాస్' అని చదివినప్పుడు మా అబ్బాయి వేసిన కేక కొట్టు యజమానికి ఇంకా గుర్తుండే ఉంటుంది. మన ఆవకాయలోని మిరప కూడా అమెరికా ఖండం నుంచి వాళ్ల ఓడల్లోనే భారతదేశానికి చేరిందంటే పిల్లలు మొదట నమ్మలేదు.

గ్రనాడాలోని పాత కోట అల్హంబ్రా టికెట్లు అక్కడికి వెళ్లి కొనవచ్చా?

ఆ నమ్మకంతో గ్రనాడా దాకా వెళ్లవద్దు, మే నెలలో వారాల ముందే అయిపోతాయి. టికెట్ పాస్‌పోర్టు పేరు మీద ఇస్తారు. కోట లోపలి నస్రీద్ రాజభవనాలకు అరగంట ప్రవేశ సమయం ఉంటుంది, దాటితే లోపలికి పంపరు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఉచితమే, అయినా వారి పేరుతో టికెట్ తీసుకోవాలి. అసలు పాస్‌పోర్టులు వెంట ఉండాలి. మేము అబ్బాయిది గదిలో మరిచిపోతే వాళ్ల నాన్న కొండ దిగి, ఎక్కి, చొక్కా పిండుకుంటూ రెండు నిమిషాల ముందు చేరారు. లోపల పన్నెండు పాలరాతి సింహాలు మోసే నీటి తొట్టి దగ్గర పిల్లలు ఆగిపోతారు. తర్వాత హెనెరలీఫె తోటల్లో నీటి కాలువల వెంట వదిలేయండి.

సెవిల్‌లో పెద్ద చర్చి గోపురం ఎక్కడం పిల్లలకు సాధ్యమా?

సాధ్యమే. హిరాల్డా అనే ఆ గోపురం ఒకప్పుడు మసీదు మినారు. ప్రార్థనకు పిలిచే మనిషి గుర్రం మీద పైకి వెళ్లేందుకు వీలుగా మెట్లకు బదులు వాలు దారులు కట్టారు. అవి 35, ప్రతి మలుపులో అంకె ఉంటుంది. పిల్లలు అంకెలు లెక్కపెడుతూ మనకంటే ముందే పైకి చేరతారు. కింద చర్చిలో కొలంబస్ శవపేటికను నాలుగు రాజ్యాల ప్రతినిధుల విగ్రహాలు భుజాల మీద మోస్తుంటాయి. సాయంత్రం ప్లాసా ద ఎస్పాన్యాకు వెళ్లండి. 1929 ప్రదర్శన కోసం కట్టిన అర్ధచంద్రాకారపు భవనం, ముందు కాలువలో తెడ్డు పడవలు. అంత తక్కువ డబ్బుకు అంత సంతోషం ఆ ఊళ్లో మరెక్కడా దొరకదు.

మాడ్రిడ్ అంటే మ్యూజియంలే కదా, పిల్లలకు విసుగు పుట్టదా?

గంటకు మించితే పుడుతుంది. ప్రాడో మ్యూజియంలో 18 ఏళ్ల లోపు వారికి ఉచితం కాబట్టి మధ్యలో వచ్చేసినా బాధ ఉండదు. మూడే బొమ్మలు ఎంచుకోండి. 1656లో వెలాస్కెస్ వేసిన 'లాస్ మెనీనాస్'లో మధ్యలో నిలబడిన రాకుమారికి అప్పుడు ఐదేళ్లు. మా అబ్బాయి వయసే. ఆ గౌనులో ఆమె బాత్రూంకు ఎలా వెళ్తుందని అడిగాడు. కళా విమర్శకులు ఆ కోణం పట్టించుకున్నట్టు లేదు. తర్వాత రెతీరో పార్కులో చెరువు, పడవలు. సూర్యాస్తమయానికి దెబోద్ ఆలయం దగ్గరికి వెళ్లండి. అది నిజమైన ఈజిప్టు గుడి. అస్వాన్ ఆనకట్ట నీటిలో మునగబోయిన కట్టడాలను కాపాడడంలో సాయం చేసినందుకు 1968లో ఈజిప్టు కానుకగా ఇస్తే, రాళ్లు విడదీసి తెచ్చి నిలబెట్టారు.

బార్సిలోనాలో సగ్రాదా ఫమీలియా చర్చి పిల్లలకు నచ్చుతుందా?

అక్క కుటుంబం వెళ్లినప్పుడు వాళ్ల పిల్లలకు బాగా నచ్చింది. 1882లో మొదలైన కట్టడం, గౌడి 1926లో ట్రామ్ ఢీకొని పోయాక కూడా ఆగలేదు. లోపల స్తంభాలు చెట్ల కొమ్మల్లా విడిపోతాయి, రంగు అద్దాల వెలుగు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా పడుతుంది. పదకొండేళ్ల లోపు వారికి ఉచితం, కానీ ఆరేళ్ల లోపు పిల్లలను శిఖరాల మీదికి ఎక్కనివ్వరు.

## తిండి

మేము శాకాహారులం. పస్తులుండాలా?

అక్కర్లేదు, కానీ మాట జాగ్రత్త. స్పెయిన్‌లో 'మాంసం వద్దు' అంటే పంది తొడ ముక్కలు వేసి తెస్తారు, వాళ్ల దృష్టిలో హమోన్ మాంసం కాదు, దాదాపు పోపు. 'సిన్ కార్నే, సిన్ పెస్కాదో, సిన్ హమోన్' (మాంసం, చేప, హమోన్ లేకుండా) అని మూడూ చెప్పండి. టమాటా రుద్దిన రొట్టె, కారం సాస్‌తో బంగాళాదుంప ముక్కలు, వేయించిన పచ్చిమిరపకాయలు, సెవిల్‌లో పాలకూర శనగల కూర దొరుకుతాయి. తేనె చుక్కలు వేసిన వంకాయ వేపుడు దక్షిణాన అంతటా ఉంటుంది. వంకాయకు తేనె ఏమిటని మొహం చిట్లించి, రెండో పళ్లెం చెప్పింది నేనే. 'తొర్తియ్యా' అనే బంగాళాదుంప అట్టులో గుడ్డు ఉంటుంది. పోర్చుగల్‌లో ఆకుకూర సూప్ పైన సాసేజ్ ముక్క తేలుతుంది, ముందే వద్దనండి.

రాత్రి తొమ్మిది దాకా హోటళ్లు తెరవరట. పిల్లలకు అన్నం ఎప్పుడు?

స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండు తర్వాతే, రాత్రిది తొమ్మిదికి. 1940లో గడియారాన్ని మధ్య ఐరోపా సమయానికి జరిపారు, సూర్యుడు మాత్రం జరగలేదు. మే చివర్లో మాడ్రిడ్‌లో పొద్దు గుంకేది రాత్రి తొమ్మిదిన్నరకు. అందుకే మధ్యాహ్నమే పెద్ద భోజనం చేయండి, సోమవారం నుంచి శుక్రవారం వరకు చవకైన పూట భోజనం దొరుకుతుంది. తర్వాత పిల్లలను పడుకోబెట్టండి. రాత్రి పదికి కూడళ్లలో స్పానిష్ పిల్లలు బంతి ఆడుతుంటే మనవాళ్లూ కలిసిపోతారు. పోర్చుగల్‌లో ఏడున్నరకే తింటారు. అక్కడి గడియారం స్పెయిన్ కంటే గంట వెనక, సరిహద్దు దాటేటప్పుడు మరవకండి.

అడక్కుండానే రొట్టె, ఆలివ్‌లు తెచ్చి పెట్టారు. ఉచితమా?

పోర్చుగల్‌లో కాదు. తాకితే బిల్లులో వస్తుంది. వద్దంటే మర్యాదగా తీసుకెళ్తారు, ఎవరూ ఏమీ అనుకోరు.

పెరుగన్నం లేకపోతే మా చిన్నది నిద్రపోదు. ఎలా?

ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా చక్కెర లేని పెరుగు, పొట్టి గింజల బియ్యం ఉంటాయి. పాయెయ్యా అనే స్పానిష్ వంటకానికి వాడే ఈ బియ్యం కాస్త ఎక్కువ నీళ్లతో వండితే పెరుగన్నానికి చక్కగా మెత్తబడుతుంది. స్పెయిన్‌లో చాలా సూపర్‌మార్కెట్లకు ఆదివారం సెలవు, శనివారమే కొనండి. కుళాయి నీళ్లు రెండు దేశాల్లోనూ తాగవచ్చు.

## చిక్కులు వస్తే

జేబుదొంగల భయం నిజంగా అంత ఉందా?

ఉంది. కొట్టరు, బెదిరించరు, చేతివాటం మాత్రమే. బార్సిలోనాలో లా రాంబ్లా వీధి, మాడ్రిడ్ మెట్రో, లిస్బన్ ట్రామ్‌లు వాళ్ల పనిచోట్లు. పిల్లవాడి బూటు లేసు కట్టడానికి వంగినప్పుడు, మెట్రో తలుపు మూసుకునే క్షణంలో మన ధ్యాస ఎటో ఉంటుంది. పాస్‌పోర్టులు చొక్కా లోపలి సంచిలో, ఫోను టేబుల్ మీద కాకుండా ఒళ్లో ఉంచుకోండి.

పిల్లలకు జ్వరం వస్తే?

ఆకుపచ్చ శిలువ గుర్తు ఉన్నది మందుల షాపు. అక్కడి ఫార్మసిస్టులు ఓపికగా సలహా చెప్తారు. యాంటీబయాటిక్ మాత్రం డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు. మన డాక్టరు రాసిన జ్వరం, వాంతుల మందులు ఇక్కడి నుంచే చీటీతో సహా తీసుకెళ్లండి. అత్యవసరానికి రెండు దేశాల్లోనూ 112.

చంటిబిడ్డతో పొడవాటి వరుసల్లో నిలబడాల్సిందేనా?

పోర్చుగల్‌లో చట్టమే మీ పక్షం. గర్భిణులకు, రెండేళ్ల లోపు బిడ్డను ఎత్తుకున్నవారికి, వృద్ధులకు, వికలాంగులకు ముందుగా సేవ చేయాలి. 'ప్రియోరితారియో' అన్న బోర్డు చూడండి. అది లేకపోయినా అడగండి. స్పెయిన్‌లో ఇది ఆ చోటి మంచితనం మీద ఆధారపడి ఉంటుంది.

గుర్తుగా ఏం తెచ్చుకోవాలి?

పోర్చుగల్ బెండు (కార్క్) వస్తువులు తేలిక, పగలవు. ప్రపంచంలో బెండు ఎక్కువగా ఉత్పత్తి చేసేది ఆ దేశమే. నీలి రంగు టైల్స్ కావాలంటే కొత్తవే కొనండి. పాత సామాన్ల సంతలో అమ్మే పురాతన టైల్స్‌లో ఇళ్ల గోడల నుంచి ఊడబీకి దొంగిలించినవి ఉంటాయి. మేము నాలుగు కొత్త టైల్స్ విడిచిన సాక్సుల్లో చుట్టి తెచ్చాం. మూడు క్షేమంగా చేరాయి.